డేటా టైపు దానంతటదే తెలియదు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక విద్యా పేజీలో కొన్ని వారాలుగా వస్తున్న ప్రోగ్రామింగ్ పాఠాలను మా విద్యార్థులు కత్తిరించి నోటుపుస్తకాల్లో అంటించుకుంటున్నారు. డిగ్రీ కళాశాలలో ఇరవై ఏళ్లకు పైగా కంప్యూటర్ సైన్స్ చెబుతున్న నాకు అది సంతోషం కలిగించే విషయం. తెలుగులో ఈ సంగతులు రాసేవారు తక్కువ. రాసినవాటిని పిల్లలు ఎంత నమ్ముతారో తరగతి గదిలో నిలబడినవారికి తెలుసు. ఆ నమ్మకం వల్లనే, ఒక పాఠంలోని ఒకే ఒక్క వాక్యం గురించి ఇంత పొడవైన ఉత్తరం రాయవలసి వచ్చింది.

పైథాన్, జావాస్క్రిప్ట్ వంటి భాషల్లో వేరియబుల్‌కు (విలువకు మనం పెట్టే పేరుకు) టైపు, అంటే అది సంఖ్యా, అక్షరాలా అన్న రకం, ముందుగా ప్రకటించనక్కరలేదనీ, ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు అందులోని విలువ ఏ టైపుదో కంప్యూటరు దానంతటదే కనిపెడుతుందనీ ఆ పాఠం చెప్పింది. ఇందులో మొదటి మాట నిజం. రెండోది నిజం కాదు. విలువ మీద ముందే వేసి ఉన్న ముద్రను చదవడం ఒక పని. ముద్ర లేని అక్షరాలను చూసి ఇది అంకె అయి ఉంటుందని ఊహించడం మరో పని. ఒక టైపు విలువ నుంచి ఇంకో టైపు విలువను తయారుచేయడం మూడో పని. ‘కనిపెట్టడం’ అనే ఒక్క మాట ఈ మూడింటినీ కప్పేస్తుంది. మా పిల్లలు ప్రయోగశాలలో చేసే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ కలగాపులగం నుంచే పుడుతున్నాయి.

మొదటి పని సంగతి చూద్దాం. పైథాన్‌లో ఎక్స్ అనే పేరుకు 12 అనే విలువ ఇచ్చామనుకోండి. కొటేషన్లు లేకుండా రాసిన 12ను చదవగానే భాష ఒక పూర్ణాంకాన్ని తయారుచేస్తుంది. అదే 12ను కొటేషన్ల మధ్య రాస్తే రెండు అక్షరాలున్న స్ట్రింగ్‌ను తయారుచేస్తుంది. ఇది పూర్ణాంకమా, స్ట్రింగా అన్న నిర్ణయం ఆ క్షణంలోనే జరిగిపోయింది. ఆ నిర్ణయం చేసింది కొటేషన్ పెట్టిన, లేదా పెట్టని ప్రోగ్రామరు. పైథాన్‌ను నడిపే ప్రోగ్రామ్‌లలో ఎక్కువమంది వాడే సీపైథాన్‌లో ప్రతి విలువా కంప్యూటరు మెమరీలో రెండు వివరాలతో మొదలవుతుంది: దాన్ని ఎన్ని చోట్ల నుంచి వాడుతున్నారన్న లెక్క ఒకటి, అది ఏ టైపుదో చెప్పే సూచిక మరొకటి. మనం టైప్ అనే ఫంక్షన్‌ను పిలిచినప్పుడు అది ఆ సూచికను చూసి జవాబు చెబుతుందే తప్ప, విలువ లోపలికి తొంగి చూసి పరిశోధన చేయదు. రైల్వే పార్సిల్ ఆఫీసులో సామాను బుక్ చేసినప్పుడే మూట మీద చీటీ అంటిస్తారు. దిగే స్టేషన్‌లో గుమాస్తా ఆ చీటీ చదువుతాడు. మూట విప్పి చూడడు. మూటలో మామిడిపండ్లు పెట్టి, చీటీ మీద పుస్తకాలని రాసి ఉంటే, ఆయన పుస్తకాలనే అంటాడు. అందులో ఆయన తప్పు లేదు.

వేరియబుల్ అంటే పెట్టె అని మన పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. సీ భాషకు ఆ పోలిక సరిపోతుంది: అక్కడ టైపు పెట్టెది. పైథాన్‌లో పేరుకు టైపు లేదు, విలువకు ఉంది. కాబట్టే ఉదయం పూర్ణాంకానికి పెట్టిన పేరును మధ్యాహ్నం స్ట్రింగ్‌కు పెట్టవచ్చు. దీన్ని చూసి ‘పైథాన్‌లో టైపులు లేవు’ అనేవారున్నారు. టైపులు లేకపోతే, 12కు కొటేషన్లలో ఉన్న 1ని కూడబోయినప్పుడు టైప్‌ఎర్రర్ ఎక్కడి నుంచి వచ్చినట్టు? నిజానికి అటువంటి భాషల్లో ప్రతి కూడిక దగ్గర, ప్రతి పోలిక దగ్గర భాష తానే రెండు వైపుల చీటీలూ చదువుకుంటూ వెళ్తుంది. మనం ప్రత్యేకంగా అడగవలసిన సందర్భాలు పిల్లలు అనుకునేదానికంటే చాలా తక్కువ.

చీటీ లేని భాష ఎలా ఉంటుందో చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. సీలో 32 బిట్లు (0, 1 గుర్తులు) తీసుకుని పూర్ణాంకంగా చదివితే 1065353216 వచ్చిందనుకోండి. సరిగ్గా అవే 32 బిట్లను ఫ్లోట్‌గా, అంటే దశాంశ సంఖ్యగా చదివితే 1.0 వస్తుంది. బిట్లలో ఏ మార్పూ లేదు. మీరెవరు అని ఆ బిట్లను అడిగే వీలే సీలో లేదు, ఎందుకంటే టైపు అన్నది కంపైలరు (మనం రాసినదాన్ని యంత్ర భాషలోకి మార్చే ప్రోగ్రామ్) మనసులో ఉండి, కంపైల్ పూర్తయ్యాక వెళ్లిపోయింది. విలువ పరిమాణం చెప్పే సైజ్‌ఆఫ్‌ను అడిగితే సాధారణంగా రెండింటికీ 4 బైట్లనే చెబుతుంది. విలువను తెర మీద చూపే ప్రింట్‌ఎఫ్‌లో శాతం గుర్తు పక్కన డి రాయాలా, ఎఫ్ రాయాలా అని మొదటి సంవత్సరం పిల్లలు ఎప్పుడూ తికమకపడతారు. ఆ అక్షరం అలంకారం కాదు, ‘ఈ బిట్లను ఈ టైపుగా చదువు’ అని మనం చెప్పే సాక్ష్యం. ఒకే చోట పలు టైపుల విలువలు పెట్టవలసి వస్తే సీ ప్రోగ్రామర్లు యూనియన్ అనే ఏర్పాటు పక్కన ఒక చిన్న పూర్ణాంకం పెట్టుకుని, అందులో ఉన్నది ఏమిటో తామే రాసుకుంటారు. అంటే చీటీని చేత్తో కడతారు.

విలువ పక్కన చీటీ పెట్టడం కొత్త ఆలోచన కూడా కాదు. జాన్ మెకార్తీ 1958లో మొదలుపెట్టిన లిస్ప్ భాషలో, చేతికొచ్చింది విడి విలువా (ఆటమ్), జాబితానా అని నడుస్తున్న ప్రోగ్రామే అడగగలిగేది. 1960ల చివర్లో వచ్చిన బరోస్ బి6500 కంప్యూటరులోనైతే చీటీని హార్డ్‌వేర్‌లోనే పెట్టారు: ప్రతి పదానికి (మెమరీలోని ఒక్కో గడికి) 48 బిట్ల సమాచారం, దాని పక్కన 3 బిట్ల ట్యాగ్. నేటి పిల్లలకు ఇది ఆధునిక భాషల వింతగా కనిపించడం మన బోధనలో లోపం.

ఇక ఇంటర్వ్యూల్లో అడిగే ప్రఖ్యాతమైన ప్రశ్న. జావాస్క్రిప్ట్‌లో నల్ అంటే ‘ఏమీ లేదు’ అని చెప్పే విలువ. దాని టైపును టైప్‌ఆఫ్ నల్ అని అడిగితే ‘ఆబ్జెక్ట్’ అని వస్తుంది. ఎందుకు? కోచింగ్ కేంద్రాల ప్రశ్నల పుస్తకాల్లో ‘ఇది ఒక బగ్’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పిల్లలు ఆ ముక్కను కంఠస్థం చేసి అప్పజెబుతారు. కానీ ఈ బగ్ చరిత్ర తెలిస్తే, టైపు అడగడమంటే ఏమిటో ఇంకే పాఠమూ చెప్పనంత బాగా తెలుస్తుంది. 1995లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో పనిచేస్తున్న బ్రెండన్ ఐక్ ఈ భాష తొలి నమూనాను పది రోజుల్లో తయారుచేశారు. ఆ తొలి అమలులో, అంటే భాషను నడిపే తొలి ప్రోగ్రామ్‌లో, ప్రతి విలువా 32 బిట్లలో ఉండేది. చివరి కొన్ని బిట్లు దాని ముద్ర. చివరి బిట్ 1 అయితే పూర్ణాంకం. చివరి మూడు బిట్లు 010 అయితే దశాంశ సంఖ్య, 100 అయితే స్ట్రింగ్, 110 అయితే బూలియన్ (అవును, కాదు అనే విలువ), 000 అయితే ఆబ్జెక్ట్. ఆబ్జెక్ట్ అయినప్పుడు మిగతా బిట్లు అది ఉన్న చోటు చిరునామా. నల్ అంటే ఏ చిరునామా లేని పాయింటర్ (చిరునామాను దాచే విలువ), అంటే మొత్తం 32 బిట్లూ సున్నాలే. ఇప్పుడు దాని చివరి మూడు బిట్లు చూడండి: 000. టైప్‌ఆఫ్ కోడ్ ముందుగా విలువ అన్‌డిఫైన్డా (ఇంకా ఏమీ ఇవ్వనిదా) అని చూసింది, ఆ తర్వాత ముద్ర చూసింది. మధ్యలో ‘ఇది నల్ కాదు కదా’ అని చూసే ఒక్క వరుస లేదు. అందుకని ముద్రలో ఏముందో అదే చెప్పింది: ఆబ్జెక్ట్.

కాబట్టి ఈ జవాబులో నల్ స్వభావం గురించి మనకు తెలిసిందేమీ లేదు. 1995లో ఒక అమలులో బిట్లను ఎలా సర్దారో తెలిసింది, అంతే. తర్వాత జావాస్క్రిప్ట్‌ను నడిపే ఇంజన్లన్నీ మారాయి, బిట్ల సర్దుబాటు మారింది. జవాబు మాత్రం అలాగే ఉంది. దీన్ని సరిదిద్ది ‘నల్’ అని చెప్పేలా చేద్దామన్న ప్రతిపాదన ప్రమాణాల కమిటీ ముందుకు వచ్చింది కూడా. అప్పటికే ఈ తప్పు జవాబును నమ్ముకుని నడుస్తున్న వెబ్‌సైట్లు చెడిపోతాయని దాన్ని పక్కన పెట్టారు. టైపు చెప్పే పరికరం తప్పు చెప్పినా, పది మంది దాని మీద ఇల్లు కట్టుకున్నాక అది ఒప్పందమైపోతుంది.

జావాస్క్రిప్ట్ టైప్‌ఆఫ్‌లో మరో ఇబ్బంది ఉంది. మామూలు ఆబ్జెక్ట్‌కూ, అర్రేకూ (విలువల వరుసకూ), తేదీకీ, నల్‌కూ అది ఒకే మాట చెబుతుంది. పిల్లలకు ఇది వింతగా ఉంటుంది కాని, తెలుగు మాట్లాడేవారికి వింత కాకూడదు. ‘వచ్చింది’ అన్న క్రియ ఒక్కటే విని, వచ్చినది అక్కా, ఆవా చెప్పగలమా? చెప్పలేము. మన వ్యాకరణంలో స్త్రీలను చెప్పే మహతీవాచకాలు ఏకవచనంలో అమహద్వాచకాలతో కలిసిపోతాయి. బహువచనంలో అడిగితే సంగతి తేలుతుంది: అక్కలైతే వచ్చారు, ఆవులైతే వచ్చాయి. టైప్‌ఆఫ్ అన్నది ఏకవచనంలో అడిగే ప్రశ్న. అర్రే అవునో కాదో తేల్చుకోవాలంటే ఇంకో రూపంలో అడగాలి. 2009లో వచ్చిన జావాస్క్రిప్ట్ ప్రమాణం ఐదో సంచికలో (వెర్షన్‌లో) అర్రే.ఇజ్‌అర్రే అనే ప్రశ్నను అందుకే చేర్చారు. అంతకు ముందు ఇన్‌స్టన్స్‌ఆఫ్‌తో అడిగేవారు. అది విలువ పుట్టుక గొలుసును చూస్తుంది. పేజీలో పొదిగిన మరో ఫ్రేమ్ నుంచి వచ్చిన అర్రేకు పుట్టిల్లు వేరు కాబట్టి, అది అర్రే అయినా కాదని చెప్పేది. ఒక వర్గీకరణలో కలిసిపోయినవి ఇంకో వర్గీకరణలో విడిపోవడం తప్పేమీ కాదు. ఏ ప్రశ్న దేన్ని వేరు చేస్తుందో తెలియకుండా అడగడమే తప్పు.

‘నాన్’ (NaN) కథ పిల్లలను నవ్విస్తుంది. సంఖ్య కాదు అనే పేరున్న ఆ విలువ టైపు అడిగితే జావాస్క్రిప్ట్ ‘నంబర్’ అంటుంది. ఇక్కడ మాత్రం బగ్ లేదు. దశాంశ సంఖ్యల ప్రమాణంలోనే, లెక్క కుదరనప్పుడు రావలసిన ఫలితంగా నిర్దేశించిన విలువ అది. సంఖ్యల ఇంట్లో పుట్టినదే. దీనికి మన లిపితో ఒక చక్కటి ప్రయోగం ఉంది, మీ పేజీలో వేయవచ్చు. కొటేషన్లలో ౧౨ అని తెలుగు అంకెల్లో రాసి పైథాన్ ఇంట్ ఫంక్షన్‌కు ఇస్తే, నోరెత్తకుండా 12 అనే పూర్ణాంకాన్ని తిరిగి ఇస్తుంది, ఎందుకంటే యూనికోడ్‌లో దశాంశ అంకెలుగా నమోదైన అక్షరాలన్నిటినీ అది అంకెలుగా ఒప్పుకుంటుంది. అదే స్ట్రింగ్‌ను జావాస్క్రిప్ట్ నంబర్ ఫంక్షన్‌కు ఇస్తే నాన్ వస్తుంది. తర్వాత టైప్‌ఆఫ్ అడిగితే ‘నంబర్’ అని వస్తుంది. టైపు సరిగ్గానే ఉంది, పని చెడింది. ఫారంలో నింపిన వయసు సంఖ్యేనా అని చూడడానికి టైప్‌ఆఫ్ ఒక్కటే వాడితే ఏమవుతుందో పిల్లలకు దీనితో అర్థమవుతుంది.

పైథాన్‌లో టైప్, ఇజ్‌ఇన్‌స్టన్స్ అనే రెండు ప్రశ్నల తేడాను మీ పాఠం వదిలేసింది. మొదటిది చీటీ మీద సరిగ్గా ఏ పేరుందో చెబుతుంది. రెండోది ఆ వంశానికి చెందినదా అని చూస్తుంది. ఈ తేడా బయటపడే చోటు బూలియన్. 2003లో వచ్చిన 2.3 సంచికలో బూల్ టైపును చేర్చినప్పుడు దాన్ని పూర్ణాంకానికి ఉపజాతిగా పెట్టారు. అప్పటిదాకా జనం 0, 1లతోనే అవును, కాదు అని రాసుకున్న ప్రోగ్రామ్‌లు చెడిపోకూడదు కదా. అందుకని ట్రూ పూర్ణాంకమేనా అని ఇజ్‌ఇన్‌స్టన్స్‌ను అడిగితే అవునంటుంది. ట్రూకు ట్రూ కలిపితే 2. మార్కుల పట్టికలో పొరపాటున హాజరును చెప్పే ట్రూ పడితే, మార్కులు పూర్ణాంకాలేనా అన్న తనిఖీని అది హాయిగా దాటి మొత్తానికి ఒక మార్కు కలుపుతుంది. మా విద్యార్థి ఒకడు దీన్ని కనుక్కుని ఆ రోజంతా గర్వంగా తిరిగాడు.

చీటీ ఉన్నా అందులో అన్నీ రాసి ఉంటాయనుకోవద్దు. జావాలో 2004లో ఐదో సంచికతో జెనెరిక్స్ (జాబితా లోపల ఉండే విలువల టైపునూ రాసే వీలు) వచ్చాయి. స్ట్రింగ్‌ల జాబితా, పూర్ణాంకాల జాబితా అని కంపైలరు దగ్గర రెండు వేర్వేరు టైపులు. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు గెట్‌క్లాస్ అడిగితే రెండూ ఒకటే, ఎందుకంటే పాత కోడ్‌తో కలిసి నడవడం కోసం లోపలి టైపును కంపైలరు చెరిపేస్తుంది. జావాస్క్రిప్ట్‌కు టైపులు చేర్చిన టైప్‌స్క్రిప్ట్‌లోనైతే రాసిన టైపులన్నీ చెరిగిపోయి ఉత్త జావాస్క్రిప్ట్ మిగులుతుంది. సర్వరు నుంచి వచ్చిన సమాచారం ఫలానా టైపుదని మనం రాసినంత మాత్రాన అది అలా వచ్చి తీరాలని లేదు. పైథాన్‌లో పేరు పక్కన రాసే టైపు సూచనలూ అంతే: ఇంట్ అని రాసి స్ట్రింగ్ ఇచ్చినా భాష పట్టించుకోదు. సీ ప్లస్‌ప్లస్‌లో వర్చువల్ ఫంక్షన్ (ఉపజాతి తనకు తగ్గట్టు మార్చుకోగల ఫంక్షన్) ఉన్న క్లాసుల వస్తువులకే నడిచేటప్పుడు చదవగల చీటీ ఉంటుంది.

ఇప్పుడు ఊహ సంగతికి వస్తాను. నా ఉత్తరానికి అసలు కారణం ఇదే.

కొన్నేళ్ల కిందట మా కళాశాలలో ప్రాక్టికల్ మార్కుల జాబితాను నేనే స్ప్రెడ్‌షీట్‌లో తయారుచేశాను. మా రోల్ నంబర్లలో మొదట చేరిన సంవత్సరం, తర్వాత సెక్షన్‌కు ఇంగ్లీషు అక్షరం, చివర వరుస సంఖ్య ఉండేవి. ఎ నుంచి డి దాకా నాలుగు సెక్షన్ల పిల్లలకూ ఏ ఇబ్బందీ రాలేదు. ఇ సెక్షన్ పిల్లలంతా మాయమయ్యారు. 17ఇ12 అనే రోల్ నంబరు ఉన్న అమ్మాయి 1.7ఇ+13గా మారిపోయింది. ఫార్మాట్ మార్చి చూస్తే 17 పక్కన పన్నెండు సున్నాలు వచ్చాయి. రెండు అంకెల మధ్య ఇ కనబడితే దాన్ని పది ఘాతంగా రాసిన సంఖ్య అనుకోవడం ఆ సాఫ్ట్‌వేర్ అలవాటు. నేను కంగారుపడి అదే స్ప్రెడ్‌షీట్‌లో ఉన్న టైప్ అనే సూత్రంతో అడిగి చూశాను. అది 1 అంది. ఆ సూత్రం సంఖ్యకు 1, అక్షరాలకు 2 అని జవాబిస్తుంది. అంటే నా ప్రశ్నకు అది ఏమాత్రం అబద్ధం చెప్పలేదు. ఊహ ముందే జరిగిపోయింది, ఊహించినదాన్నే చీటీ మీద రాశారు, ఆ చీటీనే నాకు చదివి వినిపించింది. టైపు అడగడం వల్ల ఆ అమ్మాయి రోల్ నంబరు తిరిగి రాలేదు. కాగితం మీద ఉన్న హాజరు పట్టీ చూసి అరవై మంది నంబర్లనూ, ముందు ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా మార్చుకుని, చేత్తో కొట్టుకున్నాను.

ఈ పరాభవం నా ఒక్కదానికే జరిగింది కాదని తర్వాత తెలిసి ఊరట పొందాను. మనుషుల జన్యువుల్లో మార్చ్1, సెప్ట్1 వంటి సంకేతాలున్నవి కొన్ని ఉండేవి. వాటిని ఎక్సెల్‌లో ఎక్కించగానే మార్చి 1, సెప్టెంబర్ 1 తేదీలైపోయేవి. ఎక్సెల్ తేదీని లోపల సంఖ్యగా దాచుకుంటుంది కాబట్టి, జన్యువు పేరు తేదీ అవుతూనే సంఖ్య అయిపోతుంది. అసలు అక్షరాలు ఇక ఎక్కడా ఉండవు. ఎక్సెల్‌లో జన్యువుల జాబితాలు జతచేసిన పరిశోధన వ్యాసాల్లో దాదాపు ఐదో వంతు వాటిలో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక పరిశీలన తేల్చింది. చివరికి జన్యువుల పేర్లు నిర్ణయించే అంతర్జాతీయ కమిటీ 2020లో ఆ జన్యువుల సంకేతాలనే మార్చి, మార్చ్‌ఎఫ్1, సెప్టిన్1 వంటివి పెట్టింది. ఒక పట్టిక సాఫ్ట్‌వేర్ ఊహించే అలవాటు ముందు జీవశాస్త్రం తలవంచి తన పేర్లు మార్చుకుంది. ఆ ఊహను ఆపుకునే వీలును ఎక్సెల్‌లో 2023లో గాని ఇవ్వలేదు.

మన ఊళ్లలో రోజూ జరిగే రూపం ఇంకొకటి ఉంది. బ్యాంకు ఖాతా నంబరును ఎవరూ కూడరు, తీసివేయరు. అయినా స్ప్రెడ్‌షీట్ దాన్ని సంఖ్య అనుకుంటుంది. ముందున్న సున్నాలు పోతాయి. ఎక్సెల్ సంఖ్యల్లో 15 అంకెల దాకానే నిలుపుతుంది కాబట్టి 16 అంకెల నంబరులో చివరి అంకె సున్నా అయిపోతుంది. ఉపకార వేతనాల జాబితాలు కట్టే గుమాస్తాలు నంబరు ముందు ఒక ఒంటి కొటేషన్ గుర్తు (') పెట్టడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నారు. ఆ గుర్తు వారు పెట్టే చీటీ. టైపు సిద్ధాంతం వారికి ఎవరూ చెప్పలేదు కాని, ముద్ర వేయవలసింది మనమేనని వారికి బాగా తెలుసు.

ప్రోగ్రామింగ్ భాషల్లోనూ ఊహించేవి ఉన్నాయి. పీహెచ్‌పీలో రెండు సమానచిహ్నాలతో పోల్చితే, సంఖ్యల్లా కనిపించే స్ట్రింగ్‌లను సంఖ్యలుగానే పోలుస్తుంది. కొటేషన్లలోని 1ఇ3, కొటేషన్లలోని 1000 దానికి సమానం. నా రోల్ నంబర్ల కథే ఇది, వేషం వేరు. సున్నా తర్వాత ఇ వచ్చి, ఆ పైన అన్నీ అంకెలే ఉన్న రెండు వేర్వేరు హాష్‌లను (పాస్‌వర్డ్ వంటివాటిని గుర్తుపట్టరాకుండా మార్చిన అక్షర వరుసలను) ఇలా పోల్చితే రెండూ సున్నాలై సమానమవుతాయి. పాస్‌వర్డ్ హాష్‌లను అలా పోల్చిన సైట్లలో ఇది దొంగకు తలుపు తీసే తాళంచెవి అవుతుంది. మూడు సమానచిహ్నాలు వాడితే అక్షరాలను అక్షరాలుగానే పోలుస్తుంది. యామల్ అనే సెట్టింగుల ఫైళ్ల పాత సంచికలోనైతే నార్వే దేశపు రెండక్షరాల సంకేతాన్ని ‘కాదు’ అన్న మాటగా, అంటే ఫాల్స్ అనే బూలియన్‌గా చదివేవారు. 2009లో వచ్చిన 1.2 సంచికలో దాన్ని తీసేశారు. అయినా పాత పద్ధతి పట్టుకుని ఉన్న లైబ్రరీలు ఇంకా వాడుకలో ఉన్నాయి.

కనుక మా తరగతిలో నేను చెప్పేదేమిటంటే, ప్రోగ్రామ్ లోపల పుట్టిన విలువల టైపు పదే పదే అడగవద్దు. ముద్ర వేసినవారం మనమే. మరిచిపోతే భాష ఎర్రర్ ఇచ్చి గుర్తుచేస్తుంది. అడగవలసిందీ, అంతకన్నా ముఖ్యంగా నిర్ణయించవలసిందీ గుమ్మం దగ్గర: కీబోర్డు నుంచి, ఫైలు నుంచి, నెట్‌వర్క్ నుంచి విలువ లోపలికి వచ్చే చోట. అక్కడికి వచ్చేవన్నీ అక్షరాలే. పైథాన్ మూడో సంచికలో ఇన్‌పుట్ ఫంక్షన్ ఎప్పుడూ స్ట్రింగ్‌నే ఇస్తుంది. రెండో సంచికలో అదే పేరున్న ఫంక్షన్ మనం కొట్టినదాన్ని లెక్కగా భావించి విప్పి చూసేది, పైగా అది ప్రమాదకరం కూడా. ఊహించడం మానేసి ‘నాకు వచ్చినవి అక్షరాలు, వీటితో ఏం చేయాలో నువ్వు చెప్పు’ అనడం భాష మెరుగుపడిన తీరు. ప్రోగ్రామ్‌లు ఒకదానికొకటి సమాచారం పంపుకునే జేసన్ రూపంలోనూ తేదీ అనే టైపు లేదు. తేదీ అక్షరాలుగా వెళ్లి అక్షరాలుగానే వస్తుంది. అవతలి గట్టున అది తేదీ అని తెలిసినవారు మళ్లీ తేదీగా మార్చాలి. దానంతటదే మారదు.

టైపు అడగడమే మానేయాలని అనేవారు కూడా ఉన్నారు. నువ్వెవరివి అని కాక, ఈ పని చేయగలవా అని విలువను అడగాలని వారి వాదం; చేతనైతే చేస్తుంది, కాకపోతే ఎర్రర్ వస్తుంది, దాన్ని పట్టుకోవాలి. పైథాన్ వాళ్లు ఈ దారికి ఎక్కువ మొగ్గుతారు. పెద్ద ప్రోగ్రామ్‌ల లోపల నేనూ ఈ పద్ధతినే ఇష్టపడతాను. కానీ గుమ్మం దగ్గర ఇది చాలదు. కొటేషన్లలో ఉన్న 5ను 3తో గుణించగలవా అని పైథాన్‌ను అడిగితే గుణించగలనంటుంది. 555 అనే స్ట్రింగ్ ఇస్తుంది. ఫీజు లెక్కలో ఆ జవాబు వస్తే ఎర్రర్ రాదు, గొడవ వస్తుంది.

మీ విద్యా పేజీ వారికి రెండు విన్నపాలు. ‘దానంతటదే కనిపెడుతుంది’ అన్న వాక్యాన్ని ‘విలువ పుట్టినప్పుడే దానికి టైపు ఏర్పడుతుంది, నడిచేటప్పుడు దాన్ని అడిగి తెలుసుకోవచ్చు’ అని సవరించి వేయండి. పొడవులో పెద్ద తేడా లేదు. రెండోది అచ్చుకు సంబంధించింది. అదే పాఠం చివర ఇచ్చిన అభ్యాసంలో, ఎక్స్‌కు 12 ఇచ్చి దాని టైపు ఏమిటని అడిగారు. మర్నాటి జవాబుల్లో ‘స్ట్రింగ్’ అని ఉంది. మా పిల్లలు పద్నాలుగు మంది కంప్యూటర్‌లో కొట్టి చూసి, ఇంట్ అని వస్తోందేమిటని నా దగ్గరకు వచ్చారు. రచయిత రాసిన ప్రతిలో 12కు అటూ ఇటూ కొటేషన్లు ఉండే ఉంటాయి. పేజీ కూర్చేటప్పుడు అవి అనవసరమైన గుర్తులుగా కనబడి ఎవరో తీసేసి ఉంటారు. ఆ విలువ టైపు మారింది కంప్యూటర్‌లో కాదు, మీ కూర్పు బల్ల మీద. వచ్చే వారం నుంచి కోడ్ వరుసల్లో కొటేషన్ గుర్తులను ఉన్నవి ఉన్నట్టు, వంపులు లేని నిలువు గుర్తులతోనే అచ్చువేయమని ఆ విభాగం వారికి చెప్పగలరు.

భవదీయురాలు,
ఒక డిగ్రీ కళాశాల కంప్యూటర్ సైన్స్ అధ్యాపకురాలు,
హనుమకొండ